‘ఫ్లెక్సిబుల్’ కాని అక్క

అక్క నిద్రలోనే పోయిందని మా ఫ్రిస్కో ఊరి తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పోయిందన్న మాట రెండుసార్లు చదివి నమ్మాను. నిద్రలో అన్న మాట మాత్రం నమ్మలేకపోయాను. వరుసగా పడుతున్న దండం బొమ్మల మధ్య ఎవరో, “అదృష్టవంతురాలు, హాయిగా నిద్రలో వెళ్లిపోయింది” అని రాశారు. ఆవిడ నిద్ర సంగతి నాకు కొంచెం తెలుసు. అది గ్రూపులో రాసే సంగతి కాదు. పాప పడుకుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ నాకు సొంత అక్కేమీ కాదు. ఆవిడది వరంగల్, నాది కాకినాడ. టెక్సాస్‌లో నా మొదటి ఉద్యోగంలో పక్క క్యూబికల్ ఆవిడది. ఆసుపత్రుల బిల్లులు చూసే సాఫ్ట్‌వేర్ మాది. అది రాత్రీ పగలూ నడవాలి. ఎక్కడ ఆగినా, ఎప్పుడు ఆగినా ఫోన్‌లో అలారం మోగుతుంది, ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్లు లేచి బాగు చేయాలి. దాన్ని ఆన్‌కాల్ అంటాం. నేను చేరిన మొదటి రోజు అందరూ వచ్చి ఏ ఊరు, ఏ కాలేజీ, ఏ వీసా అని అడిగారు. అక్క కుర్చీ తిప్పి నా మొహంలోకి చూసి, “రాత్రి నిద్ర మంచిగ పట్టిందా?” అంది.

ఎవరినైనా ఆవిడ అడిగే మొదటి మాట అదే. బాగున్నారా అనేది కాదు. పుట్టినరోజు పార్టీలో అప్పుడే పరిచయమైన మగవాళ్లని కూడా, ప్లేటు చేతిలో పట్టుకుని, “మీ ఆఫీసుల రాత్రి అలారం మోగితే ఎవరు లేస్తరు?” అని అడిగేది. వాళ్లు నవ్వి పక్కకి తప్పుకునేవారు. నిజం చెప్పాలంటే మా గ్రూపులో సగం మంది ఆవిడ కనిపిస్తే పక్క వరసలోకి కారు తిప్పే రకం. ఆవిడ ఊరికే ఉండలేదు. ఒకసారి మా ఆయనకి ఫోన్ చేసి, నేను కళ్ల కింద నల్లగా అవుతున్నానని, చూసుకోవడం లేదా అని పది నిమిషాలు తలంటింది. ఆయన నాతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాడు.

నేను చేరిన ఏడాదికే ఆవిడ లీడ్ పోస్టు వదిలేసి, ఒక చిన్న ఊరి మునిసిపాలిటీలో నీళ్ల బిల్లుల విభాగానికి వెళ్లిపోయింది. ఆఖరి రోజు లంచ్‌లో మా మేనేజర్ గారు (ఆయనా తెలుగాయనే, గుంటూరు వైపు) బాధపడిపోయారు.

“మీ టాలెంట్ అక్కడ వేస్ట్ అయిపోతుందండీ. నీళ్ల బిల్లులేంటండీ?”

“నీళ్ల బిల్లు ఒక దినం ఆలస్యమైతే ఎవ్వరు ఏడ్వరు సార్,” అంది అక్క, పప్పు కలుపుకుంటూ. “అసుంటి పని కోసమే ఇన్నేండ్లు వెతికిన.”

ఆలస్యమైతే ఎవరూ ఏడవని పని. మంచి ఉద్యోగానికి ఆవిడ చెప్పే లెక్క అదొక్కటే. అప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను. నాకింకా పాప పుట్టలేదు.

ఆవిడ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ పై అరలో ఆఫీస్ లాప్‌టాప్ బ్యాగు, ఆఫీస్ ఫోను పెట్టి లోపలికి వచ్చేది. వచ్చినవాళ్లు కూడా అలాగే చేయాలి. “బయట తిరిగొచ్చినయి బయటనే ఉండాలె” అనేది. భోజనాలకి పిలిచినప్పుడు మగవాళ్ల అవస్థ చూడాలి. ఒకాయన పెరుగన్నంలోకి వచ్చేలోపు మూడుసార్లు, “చెప్పులు సరిగ్గా పెట్టానో లేదో” అంటూ గుమ్మం దాకా వెళ్లొచ్చాడు. నాలుగోసారి లేవబోతుంటే అక్క, “అన్నా, మీ చెప్పులు ఏడికి పోవు, కూసోండి” అంది. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక నీళ్లు మింగుడు పడక దగ్గింది.

ఒక ఆదివారం నేను ఆ ఆచారం తప్పాను. ఆ వారం ఆన్‌కాల్ నాది. ఫోన్ గుమ్మం దగ్గర పెడితే వినిపించదని భయపడి హ్యాండ్‌బ్యాగులో దాచి లోపలికి తెచ్చాను. పాపకి అప్పటికి మూడేళ్లు. కార్పెట్ మీద కూర్చుని అక్క వాళ్ల పాత గిన్నెలతో వంట చేస్తూ గలగలా మాట్లాడుతోంది. బ్యాగులో అలారం మోగింది. నేను బ్యాగు వైపు పరిగెత్తేలోపే పాప గిన్నె వదిలేసి రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది.

ఎవరూ మూసుకోమనలేదు. నేను కాల్‌లో ఉన్నంతసేపూ అలాగే కూర్చుంది, కళ్లు మాత్రం పెద్దవి చేసి. నేను మాట్లాడుతూనే అది చూస్తున్నాను. అక్క కూడా చూస్తోంది. నేను ఫోన్ పెట్టేశాక ఆవిడ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏంది బంగారం, నోరెందుకు మూసుకున్నవ్?”

పాప వేళ్ల సందుల్లోంచి గుసగుసగా, “అమ్మ మీటింగ్ ఉంది, ఆంటీ. నో టాకింగ్,” అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. టీ పెట్టి ఇచ్చి, “శనివారం రా. ఆ రెజ్యూమే గిజ్యూమే ఏం తేకు. నువ్వు రా,” అంది.

“ఎలా మానేస్తానక్కా? మానేస్తే నా వీసా పోతుంది. ఈయన మీద డిపెండెంట్‌గా మారితే మళ్లీ పనిచేసే పర్మిట్ ఎప్పటికొస్తుందో ఎవరికి తెలుసు?”

“మానుమని ఎవరన్నరు? మార్చుమంటున్న. వీసా ఇచ్చేటోళ్లల్ల రాత్రి నిన్ను లేపనోళ్లు ఎవరో వెతుకుదం.”

మా వాళ్లలో ఉద్యోగం మారే ప్రతి మనిషికీ ఎవరో ఒకరు మాక్ ఇంటర్వ్యూ పెడతారు. వాటిలో నేర్పేది ఒకటే. దేనికీ లేదనకూడదు. రాత్రి పని చేస్తారా, యెస్. వీకెండ్ వస్తారా, యెస్. ఊరు మారతారా, యెస్. ఆఖర్న ఒక చిరునవ్వు, “ఐ యామ్ ఫ్లెక్సిబుల్.” నేనూ అలా నేర్చుకునే ఈ దేశంలో ఉద్యోగం సంపాదించాను. అక్క పెట్టిన మాక్ ఇంటర్వ్యూలు దానికి పూర్తిగా తలకిందులు.

శనివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్‌కి అటూ ఇటూ కూర్చునేవాళ్లం. ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, పెదవులు బిగించి స్టీవ్ అనే మేనేజరుగా మారిపోయేది. మధ్యలో ఒక పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు. చెరి సగం పంచేది. ఇంటర్వ్యూ మొదలు.

“సో, అవర్ టీమ్ హాజ్ సమ్ నైట్ సపోర్ట్. ఈజ్ దట్ ఓకే?”

“ష్యూర్, నో ప్రాబ్లమ్.”

స్టీవ్ చెయ్యి చాచి నా వైపు నుంచి ఒక బజ్జీ తీసి తన వైపు పెట్టుకునేవాడు.

“అక్కా, అలవాటుగా వచ్చేసింది.”

“ఐ యామ్ నాట్ అక్కా. ఐ యామ్ స్టీవ్. వీకెండ్స్ ఆల్సో సమ్‌టైమ్స్.”

“ఇఫ్ ఇట్ ఈజ్ అర్జెంట్…”

మరో బజ్జీ పోయేది. మొదటి శనివారం నా వైపు ఉల్లిపాయ ముక్కలు మిగిలాయి. స్టీవ్ మాత్రం కడుపు నిండా తిని, వేళ్లు తుడుచుకుంటూ వరంగల్ భాషలోకి వచ్చేశాడు. “నీకు నోట్ల యెస్ తప్ప ఇంకోటి లేదానే? చిన్నప్పుడు అన్నం వద్దని ఎట్ల చెప్పినవ్ మీ అమ్మకు?”

“మా అమ్మకి వద్దని చెబితే ఊరుకునేదా?”

“అదే చెప్తున్న. ఆడ పడ్డది ఈ తంటా.”

నెల తిరిగేసరికి కొన్ని బజ్జీలు నిలబెట్టుకోవడం వచ్చింది. “పగలు మీరు ఏ పని చెప్పినా చేస్తాను, రాత్రి ఆన్‌కాల్ చేయను” అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో గొంతు వణక్కుండా చెప్పగలిగాను. అక్క చప్పట్లు కొట్టింది. మా ఇద్దరికీ నేను తయారైపోయానని అనిపించింది.

నిజం ఇంటర్వ్యూ వచ్చింది. ఇంకో పెద్ద కంపెనీ. వీసా వాళ్లే మారుస్తారు. అడిగిన సాంకేతిక ప్రశ్నలన్నిటికీ బాగా చెప్పాను. ఆఖర్న ఒకాయన, స్టీవ్ కంటే ఎంతో మృదువుగా, “అప్పుడప్పుడు రాత్రి సపోర్ట్ ఉంటుంది, మీకు ఫర్వాలేదు కదా?” అన్నాడు. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. “అబ్సొల్యూట్లీ. ఐ యామ్ ఫ్లెక్సిబుల్.”

ఆఫర్ వచ్చింది. మా ఆయన స్వీట్ బాక్స్ తెచ్చాడు. నేను అక్కకి ఫోన్ చేసి గబగబా అన్నీ చెప్పి, రాత్రి సంగతి చివర్లో గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ ఆ ఆఫీసు ఎక్కడుందో అడిగింది. తర్వాత, “రేపు సాయంత్రం తయారుగ ఉండు. పాపను కూడ తీస్కరా,” అంది.

ఆవిడకి మరో అలవాటు ఉందని అప్పుడు తెలిసింది. ఏ కంపెనీలో అయినా చేరే ముందు, చీకటి పడే వేళ ఆ ఆఫీసు పార్కింగ్ లాట్‌కి వెళ్లి కారులో కూర్చుని చూసేదట. వెబ్‌సైట్లో ఉండే నవ్వు మొహాల కంటే, డోర్ తెరుచుకుని బయటికి వచ్చే మొహాలు నిజం చెబుతాయంటుంది. ఆ సాయంత్రం నాకు ఆఫర్ ఇచ్చిన ఆఫీసు ముందు ఆపింది. వెనక కార్‌సీట్‌లో పాపకి క్రాకర్లు ఇచ్చింది. ఇళ్లకి వెళ్లే వేళ దాటి చాలాసేపయింది. లాట్ మాత్రం పొద్దున్న పదింటికి ఉన్నట్టు నిండుగా ఉంది.

“చూసినవా?” అంది.

“ఈ వారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఏదో ఉండి ఉంటుందక్కా.”

“వాళ్లకు ప్రతి వారం రిలీజే ఉంటది.”

ఇంతలో మా పక్క వరసలోనే ఒక కారులో మనిషి కదిలాడు. అంతవరకూ అది ఖాళీ కారనుకున్నాం. లాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి, డబ్బాలోంచి చల్లటి పులిహోర చెంచాతో తింటున్నాడు. అద్దం సగం దించి ఉంది. ఫోన్ స్పీకర్‌లో ఎవరితోనో, “నాన్నా, నువ్వు పడుకో. నేను వచ్చాక చూపిద్దువు గానీ… కాదమ్మా, ఇవాళే చూస్తాను, ప్రామిస్,” అంటున్నాడు. ఫోన్ పెట్టేసి, డబ్బా మూత పెట్టి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మళ్లీ ఆఫీసు లోపలికే వెళ్లాడు.

అక్క కారు స్టార్ట్ చేసింది. దారి పొడుగునా పాపే మాట్లాడింది.

మర్నాడు నేను ఆ కంపెనీకి ఫోన్ చేసి, రాత్రి ఆన్‌కాల్ లేకుండా అయితే చేరతానని చెప్పాను. హెచ్‌ఆర్ అమ్మాయి ఆశ్చర్యపోయింది, కనుక్కుని చెబుతానంది, రెండో రోజు మర్యాదగా ఆఫర్ వెనక్కి తీసుకుంది. మా ఆయన స్వీట్ బాక్స్ ఫ్రిజ్‌లో లోపలికి తోసేసి, “మరి మీ అక్క వీసా స్పాన్సర్ చేస్తుందా?” అన్నాడు. 

ఆ తర్వాత చాలా నెలలు పనికొచ్చే పిలుపేదీ రాలేదు. వచ్చినవాటిలో రాత్రి పనులుండేవి, లేదంటే వీసా ఇవ్వలేమనేవారు. పాత ఉద్యోగంలోనే ఉన్నాను. అలారం మోగుతూనే ఉంది. ఒక శనివారం వెళ్లి, “ఇక చాలక్కా. అందరూ చేస్తున్నారు కదా, నేనూ అలవాటు పడతాను. పాప స్కూల్‌కి వెళ్లాక చూద్దాం,” అన్నాను. ఆవిడ స్టవ్ తుడుస్తోంది. మొహం బాగా వడిలిపోయి ఉంది. ఎందుకో ఆ రోజు, ఎవరూ ఆవిడని అడగని మాట నేను అడిగాను.

“మీకు నిద్ర పడుతోందా అక్కా?”

తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

“లేదు,” అంది. “పట్టదు. నీళ్ల బిల్లుల కొలువుల చేరి ఇన్నేండ్లాయె. ఒక్క అలారం మోగలే. అయినా రోజు అదే టైముకు మెలకువొస్తది. ఫోను ఏడున్నదో అని చెయ్యి వెతుకుతది. గుమ్మం కాడికి పోయి చూసి వస్త. ఏం ఉండదు. వచ్చి పండుకుంట, పట్టదు.”

“డాక్టర్‌కి చూపించుకోలేదా?”

“చూపించిన. మందులిచ్చిండు. ఒళ్లు ఇంకా డ్యూటీ దిగలే, ఏం చేస్తం.” గుడ్డ సింక్‌లో పడేసి నా వైపు తిరిగింది. “అందరికి నేను మంచిగున్న అనే చెప్త. అది నమ్మకు. నేను పని మార్చిన, కరెక్టే. కానీ నా బిడ్డ పెద్దగై కాలేజీకి పోయినంక మార్చిన. నువ్వు అలవాటు పడుతనంటున్నవు చూడు, నేను గట్లనే పడ్డ. పడ్డంక పోదది. నీకింక అంత దూరం కాలే. ఇప్పుడే మార్చాలె.”

ఆవిడ అంతగా ప్రాధేయపడటం అదొక్కసారే విన్నాను. ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే మళ్లీ అప్లికేషన్లు పంపడం మొదలుపెట్టాను.

వాటిలో ఒకటి ఒక యూనివర్సిటీది. విద్యార్థుల రికార్డులు చూసే సాఫ్ట్‌వేర్. జీతం తక్కువే గానీ పగటి పని, వీసా కూడా ఇస్తారు. ఆ ఇంటర్వ్యూ ఈ గురువారం మధ్యాహ్నం అని మెయిల్ వచ్చింది. అక్కకి ఫోన్ చేద్దామనుకుంటూండగానే గ్రూపులో ఆ మెసేజ్ వచ్చింది. శనివారం మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాల్సినదాన్ని, ఆవిడని ఆఖరిసారి చూడటానికి ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్లొచ్చాను.

సోమవారం మా మేనేజర్ గారు నేరుగా ఫోన్ చేశారు. ఆయన మెసేజ్ చేస్తే పని, ఫోన్ చేస్తే సాయం అడగడం.

“అమ్మా, బాగున్నారా? పాప బాగుందా?”

“బాగుందండీ.”

“థాంక్స్‌గివింగ్ సెలవుల వారం ఆన్‌కాల్ మీరే చూసుకోవాలమ్మా. మిగతావాళ్లంతా ట్రిప్పులు బుక్ చేసేసుకున్నారు. మీరెటూ ఊళ్లోనే ఉంటారు కదా.”

“పోయిన వారం నేనే చేశానండీ. నా వంతు ఇప్పట్లో లేదు.”

“నాకు తెలీదా అమ్మా? బయటివాళ్లనడిగితే రూల్స్ మాట్లాడతారు. మనం మనం ఒకటి. మీరు మా చెల్లెలు లాంటివారు. ఈ ఒక్కసారికి అడ్జస్ట్ అయిపోండి.”

స్టీవ్ ఎప్పుడూ నన్ను చెల్లెలనలేదు. శనివారాలన్నీ మేము ఇంగ్లిష్‌లో కాదనడమే నేర్చుకున్నాం. ఇంత ఆప్యాయంగా తెలుగులో అడిగితే ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు, అక్క కూడా. బహుశా ఆవిడకీ రాదేమో. ఈ గొంతుకే కదా ఆవిడ అన్నేళ్లు సరేనంటూ వచ్చింది. “సరేనండీ” అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది. పెదవులు బిగబట్టి దాన్ని మింగేశాను.

“ఆ వారం నేను చేయనండీ.”



“ఏదైనా ప్రోగ్రామ్ ఉందామ్మా? ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారా? పాపకేమైనా…”

ఆయనే నాకు సాకులు అందిస్తున్నారు. ఏ ఒక్కటి పట్టుకున్నా ఈసారికి గండం గట్టెక్కుతుంది. ఏ సాకూ దొరకని వారం చూసి మళ్లీ ఫోన్ చేస్తారు.

“ఏమీ లేదండీ. అందరూ బాగున్నారు. నేను చేయను.”

“మీకు వీసా ఎక్స్‌టెన్షన్ కూడా దగ్గర పడుతోంది కదమ్మా,” అన్నారాయన, అదే ఆప్యాయతతో. “ఒకసారి ఆలోచించుకుని చెప్పండి.”



“ఆలోచించే చెబుతున్నానండీ.”

“సరే. చూద్దాం,” అని పెట్టేశారు. ఎప్పుడూ అనే ‘ఉంటానమ్మా’ అనలేదు.

సాయంత్రం మా ఆయనకి మాట మాటా చెప్పాను. వీసా దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది. ఫోన్ తీసి క్యాలెండర్ తెరిచాడు. తర్వాత, “గురువారం ఇంటర్వ్యూ ఎన్నింటికి?” అని అడిగాడు.

“రెండింటికి.”

“నేను డ్రైవ్ చేస్తాను. పాపని నేనే చూసుకుంటాను. నువ్వు దార్లో చదువుకో.”

ఇప్పుడే లాప్‌టాప్ తెరిచి గురువారానికి సెలవు అడిగాను. సెలవు పేజీలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్లలో నేను దాన్ని ఖాళీగా వదిలింది లేదు. డెంటిస్ట్ అనో, పాప వ్యాక్సిన్ అనో, ఏసీ రిపేర్ అనో, ఏదో ఒకటి రాసి, అది నమ్మేలా ఉందో లేదో రెండుసార్లు చదువుకుని పంపేదాన్ని. ఈసారి ఏమీ రాయకుండా ‘సబ్మిట్’ నొక్కాను.

ఖాళీగా ఉన్నా తీసుకుంది.